కొలిమి పొగతోనే క్యాన్సర్ వస్తుందా? మైటోకాండ్రియాపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలామటుకు ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. మైటోకాండ్రియా కణానికి కొలిమి, దాని పొగ ఫ్రీ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్‌తో దేన్నైనా అంటుకునే చురుకైన అణువులు), ఆ పొగ డీఎన్‌ఏకి పట్టి క్యాన్సర్ పుడుతుంది, కాబట్టి విరుగుడు మాత్రలు మింగితే సరి అన్నది ఆ మాట. వినడానికి బాగానే ఉంటుంది. మొదటి సగం కొంతవరకు నిజం, చివరి సలహా ప్రమాదం. అసలు విషయం మధ్యలో ఎవరూ చెప్పకుండా వదిలేసిన దాంట్లో ఉంది.

ప్రశ్న: మైటోకాండ్రియాలో పుట్టే ఫ్రీ రాడికల్స్ కేంద్రకంలోని డీఎన్‌ఏ దాకా ఎలా వెళ్తాయి? మధ్యలో అంత దూరం ఉంది కదా?

జవాబు: సరిగ్గా పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నారు. దెబ్బ కొట్టగలిగింది దూరం పోలేదు, దూరం పోగలిగింది నేరుగా దెబ్బ కొట్టదు.

మైటోకాండ్రియా లోపలి పొరలో ఎలక్ట్రాన్లు ఒక కాంప్లెక్స్ (ప్రొటీన్ల గుంపు) నుంచి మరో కాంప్లెక్స్‌కి చేతులు మారుతూ పోతాయి. చివరన నాలుగో కాంప్లెక్స్ దగ్గర నాలుగు ఎలక్ట్రాన్లు ఒక ఆక్సిజన్ అణువుకి అందితే నీరవుతుంది. దారిలో, ముఖ్యంగా ఒకటో కాంప్లెక్స్, మూడో కాంప్లెక్స్ దగ్గర, ఒంటి ఎలక్ట్రాన్ జారి ఆక్సిజన్‌కి అంటుకుంటే సూపర్ఆక్సైడ్ పుడుతుంది. దానికి రుణావేశం ఉంది కాబట్టి పొర దాటడం కష్టం. లోపలే కాచుకుని ఉండే ఎస్‌ఓడీ2 అనే మాంగనీస్ ఎంజైమ్ దాన్ని వెంటనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చేస్తుంది. పెరాక్సైడ్ నెమ్మదైనది. డీఎన్‌ఏ జోలికి తనంతట తాను పెద్దగా పోదు, పొరలు మాత్రం దాటుతుంది. దారి పొడుగునా పెరాక్సిరెడాక్సిన్లు, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్, కాటలేజ్ దాన్ని చాలామటుకు మింగేస్తాయి. తప్పించుకున్న కాస్త పెరాక్సైడ్‌కి ఎక్కడైనా విడిగా తిరిగే ఇనుము అయాన్ తగిలిందా, హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దీన్నే ఫెంటన్ చర్య అంటారు. ఈ రాడికల్ పుట్టిన చోటు నుంచి కొన్ని నానోమీటర్లు కదిలేలోపే పక్కనున్నదాన్ని కొట్టేస్తుంది. డీఎన్‌ఏ మెలిక మందమే 2 నానోమీటర్లు. కాబట్టి కేంద్రకంలో ఈ దెబ్బ తగలాలంటే ఇనుము డీఎన్‌ఏని ఆనుకునే ఉండాలి.

నాలుగు బేసుల్లో సులువుగా ఆక్సీకరణ చెందేది గ్వానిన్. అది 8-ఆక్సోగ్వానిన్ అవుతుంది. మామూలు గ్వానిన్ సైటోసిన్‌తోనే జత కడుతుంది, ఇది అడెనిన్‌తోనూ కట్టేస్తుంది. ఇంకోసారి నకలు తీసేసరికి జీ ఉండాల్సిన చోట టీ వచ్చి కూర్చుంటుంది. దీనికి రెండంచెల కాపలా ఉంది. ఓజీజీ1 పాడైన గ్వానిన్‌ని కోసి తీసేస్తుంది. అది చూడకుండా వదిలేస్తే, ఎదురుగా పొరపాటున చేరిన అడెనిన్‌ని ఎంయూటీవైహెచ్ పీకేస్తుంది. ఈ రెండో జన్యువు తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ చెడినవాళ్లకి పెద్దపేగులో పదుల నుంచి వందల దాకా పాలిప్‌లు లేస్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. ఆ గడ్డల్లో, కణితి లేవకుండా ఆపే ఏపీసీ జన్యువుని చదివితే జీ పోయి టీ వచ్చిన మార్పులే గుట్టలుగా కనిపిస్తాయి. 2002లో బయటపడిన సంగతి ఇది. ఆక్సీకరణ దెబ్బ మనిషిలో క్యాన్సర్ దాకా పోగలదనడానికి ఇంత శుభ్రమైన సాక్ష్యం మరొకటి చూపడం కష్టం. అయితే అక్కడ తప్పిపోయింది మరమ్మతు. దెబ్బ మాత్రం అందరికీ రోజూ తగులుతూనే ఉంటుంది.

ప్రశ్న: మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏకి హిస్టోన్ల కాపుదల లేదు, మరమ్మతు లేదు, పైగా నిప్పు పక్కనే ఉంటుంది అని చదువుకున్నాం. అలాగైతే అన్నిటికంటే ముందు అదే మాడిపోవాలి కదా?

జవాబు: హిస్టోన్లు, అంటే కేంద్రకంలో డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్లు, లేవన్నది నిజమే. కానీ అది ఒంటిమీద బట్ట లేకుండా ఏమీ లేదు. టీఎఫ్ఏఎం అనే ప్రొటీన్ దాన్ని చుట్టి న్యూక్లియాయిడ్ అనే చిన్న మూటగా కడుతుంది. మరమ్మతు లేదన్నది తప్పు. ఓజీజీ1 లాంటివి మైటోకాండ్రియాలోకీ వెళ్లి పాడైన బేసుని మారుస్తాయి. లేనిది మరో రకం మరమ్మతు, పెద్ద ముడులు పడిన ముక్కని కత్తిరించి పారేసేది. అందుకే అతినీలలోహిత కిరణాల దెబ్బలు, సిస్‌ప్లాటిన్ మందు వేసే ముడులు అక్కడ తొందరగా పోవు.

ఇంకో సౌకర్యం ఉంది. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ 16,569 బేసు జతల చిన్న వలయం. 37 జన్యువులు, వాటిలో ప్రొటీన్ తయారుచేసేవి 13. అదంతా 1981లోనే చదివేశారు. ఒక్కో కణంలో ఈ వలయం వందల నుంచి వేల ప్రతులుంటుంది. ఒక ప్రతి తెగితే దాన్ని బాగుచేస్తూ కూర్చోకుండా కణం దాన్ని అరిగించేసి, మంచి ప్రతి నుంచి కొత్తది తీసుకుంటుంది. ఒకటీ అరా ప్రతిలో తప్పు పడినా కణానికి తెలియనే తెలియదు. చాలా మార్పులు 60 నుంచి 90 శాతం ప్రతులకి పాకితే తప్ప పనిలో తేడా రాదు.

మరి కణితుల్లో ఏముంది? వేల శాంపిళ్లలో ఈ వలయాన్ని చదివి చూశారు. పొగే కారణమైతే జీ చోట టీ మార్పులు నిండిపోయి ఉండాలి. అవి అంతగా లేవు. ఉన్నవి ఎక్కువగా సీ చోట టీ, టీ చోట సీ. ఏ మార్పు ఏ పోగు మీద పడుతుందన్న దాంట్లోనూ స్పష్టమైన పక్షపాతం ఉంది. ఇది నకలు తీసే పనిలో దొర్లే తప్పుల ముద్ర. నిప్పుకి ఇంత దగ్గరున్న డీఎన్‌ఏలోనే పొగ ముద్ర పలచగా ఉంటే, దూరాన ఉన్న కేంద్రకంలోని ప్రతి మార్పునీ మైటోకాండ్రియా నెత్తిన రుద్దడం అన్యాయం.

ప్రశ్న: ల్యాబ్‌లో మైటోసాక్స్ రెడ్ అనే వెలిగే డైతో సూపర్ఆక్సైడ్ చూస్తున్నాను. మందు వేయని కంట్రోల్ కణాల్లో కూడా కేంద్రకం ఎర్రగా వెలుగుతోంది. దీన్నే డీఎన్‌ఏ దెబ్బకి రుజువుగా రాయవచ్చా?

జవాబు: రాయకండి. ముందు డై తగ్గించండి. 50 మైక్రోగ్రాముల సీసాలో 13 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ పోస్తే 5 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. అక్కడిదాకా అందరూ సరిగ్గానే చేస్తారు. తర్వాత కణాల మీద 5 మైక్రోమోలార్ దాటి పోస్తారు, అక్కడ చెడుతుంది. 1 నుంచి 2 మైక్రోమోలార్‌తో మొదలుపెట్టి, 37 డిగ్రీల దగ్గర, చీకట్లో, 10 నుంచి 30 నిమిషాలు ఉంచి చూడండి.

కేంద్రకం ఎందుకు వెలుగుతుందంటే, ఈ డైకి ధనావేశం ఉంది. మైటోకాండ్రియా పొర విభవమే దాన్ని లోపలికి లాగుతుంది. డై ఎక్కువైనా, మీరు వేసిన మందు పొర విభవాన్ని దించినా, అది బయటికి ఒలికి కేంద్రకం చేరుతుంది. ఆక్సీకరణ చెందిన డై డీఎన్‌ఏకి అంటుకుంటే వెలుగు బాగా పెరుగుతుంది. సూపర్ఆక్సైడ్ పెరగకుండానే మీ గ్రాఫు పెరుగుతుందన్నమాట. అందుకని పక్క ప్లేటులో టీఎంఆర్ఎం అనే మరో డైతో పొర విభవం కూడా చూడండి. ప్లేటులో ఒక గుంటలో పొర విభవాన్ని దించే ఎఫ్‌సీసీపీ, పాజిటివ్ కంట్రోల్‌గా ఇంకో గుంటలో సూపర్ఆక్సైడ్ పుట్టించే యాంటీమైసిన్ ఏ పెట్టండి. మరో చిక్కు, 510 నానోమీటర్ల దగ్గర వెలిగిస్తే సూపర్ఆక్సైడ్ వల్ల వచ్చిన పదార్థమూ, ఇతర ఆక్సీకరణల వల్ల వచ్చే ఎథిడియం రకమూ కలిసే వెలుగుతాయి. 400 నానోమీటర్ల దాపున కొంత తేడా తెలుస్తుంది. పక్కాగా విడదీయాలంటే హెచ్‌పీఎల్‌సీ తప్పదు.

డీఎన్‌ఏ దెబ్బే కావాలంటే దాన్నే కొలవండి. మైటోకాండ్రియాకి తేలికైన పద్ధతి పొడవాటి పీసీఆర్, అంటే డీఎన్‌ఏలో ఒక పొడవైన ముక్కకి నకళ్లు పెంచడం. 8.9 కిలోబేసుల ముక్క పెరగాలంటే దారిలో దెబ్బ ఉండకూడదు, ఉంటే నకలు తీసే పాలిమరేజ్ ఎంజైమ్ అక్కడే ఆగిపోతుంది. అదే డీఎన్‌ఏతో 221 బేసుల చిన్న ముక్కనీ పెంచితే ప్రతుల సంఖ్య తెలుస్తుంది, దాంతో పొడవాటి ముక్క అంకెని సరిచేస్తారు. ప్రతి ట్యూబులో డీఎన్‌ఏ సమానంగా, ఉదాహరణకి 15 నానోగ్రాములు ఉండాలి. డీఎన్‌ఏ సగం వేసిన ట్యూబు ఒకటి తప్పనిసరి. అందులో ఉత్పత్తి 40 నుంచి 60 శాతం మధ్య రాకపోతే సైకిళ్లు ఎక్కువై గ్రాఫు చదునైపోయిందని అర్థం, ఆ రోజు ఫలితం పక్కన పడేయండి. డీఎన్‌ఏని వోర్టెక్స్ చేసినా, పదేపదే గడ్డకట్టించి కరిగించినా ముక్కలవుతుంది, అదీ దెబ్బలాగే కనిపిస్తుంది. 8-ఆక్సోగ్వానిన్ కొలిచేవాళ్లు ఫినాల్‌తో డీఎన్‌ఏ తీయకపోవడం మంచిది. తీసేటప్పుడే గ్వానిన్ ఆక్సీకరణ చెంది, లేని దెబ్బలు లెక్కకొస్తాయి. పాత పేపర్లలో ఈ అంకె ఒక ల్యాబుకీ ఇంకో ల్యాబుకీ వందల రెట్లు తేడా రావడానికి ఇదో ముఖ్య కారణం.

ప్రశ్న: క్యాన్సర్ కణాల మైటోకాండ్రియా చెడిపోయి ఉంటాయి కాబట్టి అవి చక్కెర మీదే బతుకుతాయట. చక్కెర పూర్తిగా మానేస్తే క్యాన్సర్ మాడిపోతుందా?

జవాబు: మాడదు. 1920లలో ఓటో వార్బర్గ్ గమనించింది సరైనదే. ఆక్సిజన్ దండిగా ఉన్నా కణితి గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా మార్చి పారబోస్తుంది. శ్వాసక్రియ చెడిపోవడమే క్యాన్సర్‌కి మూలమని ఆయన 1956లో కూడా వాదించారు. ఆ వివరణ నిలవలేదు. చాలా కణితుల్లో మైటోకాండ్రియా శుభ్రంగా పనిచేస్తూనే ఉంటాయి.

ఒక గ్లూకోజ్‌ని లాక్టేట్ దాకా తీసుకెళ్తే 2 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టే శక్తి నాణేలు), మైటోకాండ్రియాలో పూర్తిగా కాలిస్తే 30 దాకా వస్తాయి. అంత నష్టానికి ఎందుకు ఒప్పుకుంటుందంటే, విభజన చెందే కణానికి శక్తితో పాటు ఇటుకలూ కావాలి. గ్లూకోజ్ కార్బన్లు మధ్యదారిలో న్యూక్లియోటైడ్లకి, కొవ్వులకి మళ్లిపోతాయి. మైటోకాండ్రియా కూడా ఇటుకల బట్టీగానే పనిచేస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ పూర్తిగా తీసేసిన కణితి కణాల్ని ఎలుకల్లోకి ఎక్కిస్తే అవి చాలా ఆలస్యంగా గానీ పెరగలేదు. పెరిగిన వాటిలో చూస్తే ఎలుక మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఉంది. అంటే చుట్టుపక్కల కణాల దగ్గర అరువు తెచ్చుకున్నాయి. 2015 నాటి ఈ ప్రయోగం తర్వాత, క్యాన్సర్‌కి మైటోకాండ్రియా అక్కర్లేదనే మాట అనడం కష్టం.

చక్కెర సంగతి: మీరు తినడం మానేసినా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. కణితికి అది చాలు. వార్బర్గ్ గమనించింది బాగా పనికొచ్చేది పెట్ స్కాన్‌లో. ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్ లాంటి పదార్థాన్ని ఎక్కిస్తే ఆకలిగొన్న కణితి దాన్ని మింగి వెలుగుతుంది. ఆ ఫ్లోరిన్ అర్ధాయువు 110 నిమిషాలు, అందుకే టైము తప్పకూడదంటారు. స్కాన్‌కి ముందు 4 నుంచి 6 గంటలు ఏమీ తినవద్దనడం ఇన్సులిన్ కోసం. తిని వెళ్తే ఇన్సులిన్ పెరిగి, పదార్థం కండరాల్లోకి పోయి, బొమ్మ వెలిసిపోతుంది. మెదడు, మూత్రాశయం ఎలాగూ వెలుగుతాయి, కంగారు పడకండి.

ప్రశ్న: మా ఇంట్లో ఎస్‌డీహెచ్‌డీ జన్యువులో మార్పు ఉందని పరీక్షలో తేలింది. అది మైటోకాండ్రియా ప్రొటీన్ అన్నారు. తండ్రి నుంచి వస్తేనే గడ్డలు వస్తాయనీ అన్నారు. మైటోకాండ్రియా తల్లి నుంచి కదా వచ్చేది?

జవాబు: రెండూ నిజమే, తగువేమీ లేదు. మైటోకాండ్రియాలో పనిచేసే ప్రొటీన్లు వెయ్యికి పైగా ఉంటే, వాటిలో 13 తప్ప మిగతావన్నీ కేంద్రకంలోని జన్యువుల నుంచే వస్తాయి. ఎస్‌డీహెచ్‌డీ ఉన్నది 11వ క్రోమోజోమ్‌లో. తల్లి నుంచి వచ్చినా, తండ్రి నుంచి వచ్చినా మార్పు పిల్లలకి 50 శాతం అవకాశంతో అందుతుంది. కానీ ఇంప్రింటింగ్ (జన్యువు ఎవరి నుంచి వచ్చిందన్న గుర్తుని బట్టి పనిచేయడమో ఆగడమో) వల్ల గడ్డలు, అంటే మెడలో, అడ్రినల్ గ్రంథిలో లేచే పారాగాంగ్లియోమా రకం, దాదాపు ఎప్పుడూ తండ్రి నుంచి వచ్చినప్పుడే లేస్తాయి. తల్లి నుంచి అందుకున్న కొడుక్కి తనకేమీ రాకపోవచ్చు, అతని పిల్లలకి మాత్రం ముప్పు తిరిగొస్తుంది. ఒక తరం ఖాళీగా పోయిందని పరీక్షలు మానేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. దాని తోటి జన్యువు ఎస్‌డీహెచ్‌బీలో మార్పు ఉన్నవాళ్లకి ఈ తల్లిదండ్రుల లెక్క వర్తించదు.

గడ్డ ఎలా పుడుతుందన్నది ఈ శీర్షికలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి. ఈ జన్యువులిచ్చే ముక్కలతో కట్టిన ఎస్‌డీహెచ్ ఎంజైమ్ సక్సినేట్‌ని ఫ్యూమరేట్‌గా మారుస్తుంది. అది ఆగితే సక్సినేట్ పేరుకుని మైటోకాండ్రియా దాటి బయటికొస్తుంది. చూడటానికి అది ఆల్ఫా-కీటోగ్లూటరేట్‌ని పోలి ఉంటుంది. కీటోగ్లూటరేట్‌తో నడిచే ఎంజైములు చాలా ఉన్నాయి. సక్సినేట్ వాటిలో దూరి కూర్చుంటే తాళంలో తప్పుడు తాళంచెవి ఇరుక్కున్నట్టే. ఆక్సిజన్ తక్కువైందని చెప్పే హెచ్‌ఐఎఫ్ ప్రొటీన్‌ని నాశనం చేయాల్సిన ఎంజైమ్ ఆగుతుంది, గాలి నిండుగా ఉన్నా కణం ఊపిరాడనట్టు ప్రవర్తిస్తుంది. డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులు తుడిచే టెట్ ఎంజైములు ఆగుతాయి. హిస్టోన్ల మీది గుర్తులు తుడిచేవి కూడా ఆగి, డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు జరగాల్సిన మరమ్మతు కుంటుపడుతుంది. ఒక్క రాడికల్ కూడా కొట్టకుండానే మైటోకాండ్రియా కేంద్రకాన్ని ఇలా దెబ్బతీయగలదు. ఫ్యూమరేట్ పేరుకునే వంశపారంపర్య కిడ్నీ క్యాన్సర్‌దీ ఇదే దారి. ఐడీహెచ్1, ఐడీహెచ్2 జన్యువుల్లో మార్పులున్న మెదడు గడ్డల్లో, రక్త క్యాన్సర్లలో 2-హైడ్రాక్సీగ్లూటరేట్ ఇదే పని చేస్తుంది. దాని తయారీని ఆపే ఎనాసిడెనిబ్ 2017లో, ఐవోసిడెనిబ్ 2018లో, మెదడు గడ్డలకి వోరాసిడెనిబ్ 2024లో అమెరికాలో అనుమతి పొందాయి.

మీ ఇంట్లోవాళ్లకి: రక్తంలో మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ లాంటివి విరిగితే వచ్చే పదార్థాల) పరీక్ష, పుర్రె అడుగు నుంచి కటి దాకా ఎంఆర్‌ఐ డాక్టర్ చెప్పిన వ్యవధిలో చేయించాలి. రక్తం ఇచ్చేముందు 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకోవాలి, కూర్చుని ఇస్తే అంకె అబద్ధంగా పెరుగుతుంది. కొన్ని డిప్రెషన్ మందులు కూడా పెంచుతాయి, వాడుతుంటే ముందే చెప్పండి. ఏ చిన్న ఆపరేషన్‌కి వెళ్లినా మత్తు డాక్టర్‌కి ఈ జన్యువు సంగతి చెప్పాలి. అడ్రినల్ గడ్డ ఉందని తేలితే, దాన్ని తీసే ఆపరేషన్‌కి ముందు ఆల్ఫా బ్లాకర్ (రక్తనాళాల్ని సడలించే మందు), 7 నుంచి 14 రోజులు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ అవసరమైతే ఆ తర్వాతే. క్రమం తిరగబడితే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది.

ప్రశ్న: రోజూ యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే క్యాన్సర్ రాకుండా ఉంటుందా?

జవాబు: ఉండదు సరికదా, పెరిగిన సందర్భాలున్నాయి. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద జరిగిన ట్రయల్‌లో, రోజుకి 20 మి.గ్రా. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది (1994). అమెరికాలో బీటా కెరోటిన్‌తో విటమిన్ ఏ కలిపి ఇచ్చిన ట్రయల్‌లో 28 శాతం పెరగడంతో 21 నెలల ముందే ఆపేశారు. విటమిన్ ఈ 400 యూనిట్లు తీసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. పెరాక్సైడ్ ఒత్తిడి కణితికీ ఇబ్బందే. మాత్ర వేసి ఆ ఇబ్బంది తీరిస్తే అప్పుడే మొలకెత్తుతున్న కణితికి మేలు చేసినట్టు. కీమో, రేడియేషన్ జరుగుతున్నప్పుడు డాక్టర్‌కి చెప్పకుండా ఇవి వేసుకోవడం మరీ తప్పు.

ప్రశ్న: రక్త క్యాన్సర్‌కి వెనెటోక్లాక్స్ మైటోకాండ్రియా మీద పనిచేస్తుందట. పూర్తి మోతాదు ఒకేసారి ఇవ్వకుండా వారాలకొద్దీ ఎందుకు పెంచుతారు?

జవాబు: మందు పనిచేయదని కాదు, మరీ బాగా పనిచేస్తుందని. డీఎన్‌ఏ బాగుచేయలేనంత చెడితే పీ53 అనే కాపలా ప్రొటీన్ ఆజ్ఞతో బాక్స్, బాక్ అనే ప్రొటీన్లు మైటోకాండ్రియా బయటి పొరకి కన్నాలు పెడతాయి. సైటోక్రోమ్ సి బయటికొచ్చి, కాస్పేజ్ ఎంజైముల్ని లేపి, కణాన్ని చంపుతుంది. కణం శ్వాసక్రియకి వాడే ప్రొటీనే చావుకి గంట కొడుతుందని 1996లో తెలిసినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆ కన్నాలే చావు తలుపు అనుకుంటే, బీసీఎల్2 అనే ప్రొటీన్ ఆ తలుపుకి అడ్డుగడియ. సీఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ కణాలు ఈ గడియ మీదే ఆధారపడి బతుకుతాయి. వెనెటోక్లాక్స్ దాన్ని తీసేస్తుంది.

గడియ తీయగానే కోట్ల కణాలు గంటల్లో పగిలి పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ ఆమ్లం రక్తంలోకి కుమ్మరిస్తాయి. గుండె లయ తప్పొచ్చు, కిడ్నీలు ఆగొచ్చు. అందుకే సీఎల్‌ఎల్‌లో మొదటి వారం రోజుకి 20 మి.గ్రా., తర్వాత వారానికొక మెట్టు చొప్పున 50, 100, 200, ఐదో వారానికి 400. మొదలుపెట్టడానికి 2 రోజుల ముందు నుంచే రోజుకి లీటరున్నర నుంచి 2 లీటర్ల నీళ్లు, యూరిక్ ఆమ్లం తగ్గించే మాత్ర. ప్రతి మెట్టు దగ్గరా రక్తపరీక్ష. గ్రేప్‌ఫ్రూట్ రసం, కొన్ని ఫంగస్ మందులు, కొన్ని యాంటీబయాటిక్స్ ఈ మందు కాలేయంలో అరగకుండా అడ్డుపడతాయి. అప్పుడు 20 మి.గ్రా. వేసుకున్నా 20లా ఉండదు.

తలుపు పూర్తిగా తెరుచుకుంటే కణం చస్తుంది. ఓరగా తెరుచుకుంటేనే చిక్కు. కొన్ని మైటోకాండ్రియాకే కన్నం పడితే చావడానికి చాలనంత కొద్దిగా కాస్పేజ్‌లు లేస్తాయి. డీఎన్‌ఏని కత్తిరించే ఎంజైముకి మాత్రం ఆ కాస్త చాలు. కేంద్రకంలో పోగులు తెగి, కణం బతికే ఉంటుంది. 2015లో చూపించిన ఈ దారి నాకు పొగ సిద్ధాంతం కంటే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ప్రశ్న: డయాబెటిస్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఒకటో కాంప్లెక్స్‌ని నొక్కుతుంది కదా, క్యాన్సర్‌కి వాడవచ్చా?

జవాబు: డయాబెటిస్ ఉంటే వాడండి. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 3,649 మందితో జరిగిన ట్రయల్‌లో 850 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఐదేళ్లపాటు ఇచ్చి చూశారు. జబ్బు తిరగబెట్టడంలో తేడా రాలేదని 2022లో ప్రకటించారు.

ప్రశ్న: రక్తంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతుల సంఖ్య చూసి క్యాన్సర్ ముప్పు చెబుతామంటున్న పరీక్ష చేయించుకోవచ్చా?

జవాబు: ఆ డబ్బు మిగుల్చుకోండి. ఈ సంఖ్యని మైటోకాండ్రియా డీఎన్‌ఏని కేంద్రక డీఎన్‌ఏతో భాగించి చెబుతారు. ప్లేట్‌లెట్లలో మైటోకాండ్రియా ఉంటాయి, కేంద్రకం ఉండదు. శాంపిల్లో ప్లేట్‌లెట్లు ఎక్కువ కలిస్తే పై అంకె పెరుగుతుంది, కింద అంకె కదలదు. జలుబు చేసి తెల్లకణాల రకాలు అటూ ఇటూ అయినా సంఖ్య మారుతుంది. పైగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ ముక్కలు కొన్ని మన క్రోమోజోముల్లో తరతరాలుగా అతుక్కుని ఉన్నాయి. ప్రైమర్లు జాగ్రత్తగా ఎంచకపోతే పీసీఆర్ వాటినీ లెక్కేస్తుంది. మీ వయసుకి తగిన పాలిప్ పరీక్షో, మామోగ్రామో, గర్భాశయ ముఖద్వార పరీక్షో ఇంకా చేయించుకోకపోతే ఆ డబ్బు అక్కడ పెట్టండి.